ప్లుటోనియం, పసుపు విత్తనం

నాందేడ్‌లో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో నన్ను ఎవరైనా ముందుగా అడిగేది ఒకటే. "మేడం, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ అంటే పత్తి ధరల మీద చేయొచ్చు, మహిళల పొదుపు సంఘాలు, అదే బచత్ గట్ల మీద చేయొచ్చు. ఈ అణు రియాక్టర్లు మీకెందుకు?" కొందరు మరాఠీలో అడుగుతారు, కొందరు హిందీలో అడుగుతారు. అడిగేటప్పుడు నవ్వే నవ్వు మాత్రం అందరిదీ ఒకటే. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. తరవాత్తరవాత "వదిలేయండి, మీకు పత్తి ధరే తెలీదు" అనడం మొదలుపెట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని దాచుకునే ఓపిక కూడా లేదు.

నిజానికి ఆ విషయం నాకు దొరికింది లైబ్రరీలో కాదు, మా పసుపు చేలో. మాది ధర్మాబాద్ అవతల, తెలంగాణ గట్టుకు ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో ఏది అక్కరకొస్తే అది. మా ఇంట్లో పసుపు విత్తనం ఏనాడూ బయట కొనలేదు. ప్రతి ఏడూ తవ్విన పసుపులో మంచి కొమ్ములు ఏరి, నీడలో కుప్ప పోసి, పసుపాకు కప్పి, మీద మట్టి మెత్తి పెట్టుకుంటాం. మృగశిర కార్తెకు అదే మళ్ళీ భూమిలోకి పోతుంది. ఎమ్మేలో ఉన్నప్పుడు ఒక పుస్తకంలో ఫాస్ట్ రియాక్టర్ గురించి చదివాను. తాను కాల్చిన దానికంటే కాస్త ఎక్కువ ఇంధనం పుట్టించే రియాక్టర్ అట. అరే, ఇది మా పసుపు చేనే కదా అనుకున్నాను. ఆ రోజు తగులుకున్న పిచ్చి ఇప్పటిదాకా వదల్లేదు.

కాస్త వివరంగా చెప్తాను, కంగారు పడకండి, నా విద్యార్థులకే అర్థమయింది. గనిలోంచి తీసిన యురేనియంలో నేరుగా మండేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. మామూలు రియాక్టర్ ఆ కాస్తా కాల్చుకుని మిగిలింది బయటికి పంపేస్తుంది. ఆ వాడేసిన ఇంధనాన్ని అలాగే దాచిపెట్టడం ఒక పద్ధతి. రెండోది, దాన్ని ఆమ్లంలో కరిగించి, అందులో పుట్టిన ప్లుటోనియాన్ని వేరుచేసి, దాంతో ఫాస్ట్ రియాక్టర్‌ను మొదలుపెట్టడం. ఆ రియాక్టర్ మిగిలిన యురేనియాన్ని కూడా మెల్లగా కొత్త ప్లుటోనియంగా మారుస్తుంది. దాన్ని మళ్ళీ వేరుచేసి మళ్ళీ పెడతారు. ఇంధనం ఇలా చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి దీన్ని చక్రం మూయడం అంటారు. మన దేశంలో యురేనియం తక్కువ, ఉన్నదీ నాసిరకం. అందుకని మనవాళ్ళు మొదటినుంచీ ఈ రెండో దారే పట్టుకున్నారు.

అయితే ఇది గిట్టుబాటవుతుందా? నా థీసిస్ అంతా ఆ ఒక్క మాట కోసమే. రియాక్టర్ కట్టడానికి అయ్యేది, కట్టినన్నాళ్ళూ పెరిగే వడ్డీ, యురేనియం ధర, వ్యర్థాలు దాచే ఖర్చు, అన్నీ పెట్టి చూశాను. గిట్టుబాటవుతుంది, ఇవాళే అవుతుంది అని తేల్చాను. ఎంత సంతోషం వేసిందో! ప్రపంచంలో చాలామంది ఇంకా ఖరీదే అంటున్నారు, నాందేడ్‌లో కూర్చుని నేను కాదన్నాను. ఇద్దరు పరీక్షకులు చదివి బాగుందని రాశారు. ఇక మిగిలింది బహిరంగ మౌఖిక పరీక్ష. అందరి ముందూ నిలబడి అడిగినవాటికి జవాబు చెప్పాలి, అయ్యాక పేఢాలు, అదే పాలకోవా బిళ్ళలు, పంచాలి. మా యూనివర్సిటీలో అప్పటికే సగం పేఢాల వ్యవహారంగా మారిపోయిన పరీక్ష అది.

నాకు మాత్రం ఆటలా లేదు. పద్నాలుగేళ్ళుగా నేను గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. క్లాసు తీసుకుంటే కూలి, సెలవొస్తే సున్నా. మా కాలేజీలో ఎన్నాళ్ళకో ఒక పర్మనెంట్ పోస్టు పడింది. దానికి డాక్టరేట్ ఉండి తీరాలి. మౌఖిక పరీక్ష అయిన పదోరోజున ఇంటర్వ్యూ. నాకిప్పుడు నలభై ఆరు. అది తప్పితే ఇంకోటి పడేదాకా నేను పంతులమ్మగా ఉంటానో, పసుపు ఏరుతుంటానో తెలీదు.

పరీక్షకు రెండు వారాల ముందు ఊరికి పోయాను. పసుపు తవ్వడం అయిపోయింది. కళ్ళంలో ఒక పక్క ఉడికించిన పసుపు ఎండుతోంది. ఇంకో పక్క చింతచెట్టు నీడలో చిన్నమ్మ కూర్చుని విత్తనం ఏరుతోంది. చిన్నమ్మ అంటే నా సొంత చిన్నమ్మ కాదు. వాళ్ళది భూమి లేని ఇల్లు, తరతరాలుగా కూలి మీద బతికినవాళ్ళు. మా ఊళ్ళో కులాలు వేరైనా వరసలు పెట్టి పిలుచుకుంటాం. ఆమె నన్ను "బిడ్డా" అంటుంది. మా అన్నను మాత్రం "పటేలా" అంటుంది. వరసకు కొడుకే, కానీ భూమి ఉన్నవాడు కదా. పాతికేళ్ళకు పైగా మా విత్తనం ఆమె చేతిమీదుగానే పోతోంది. మెత్తబడ్డది, పురుగు పట్టింది, సన్నపాటిది, అన్నీ కంటితో కాదు, వేళ్ళతోనే పట్టేస్తుంది.

పక్కన కూర్చున్నాను. చేతికి ఒక కొమ్ము తీసుకుని గిల్లుతున్నాను.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా గిన్నేండ్ల సంది? సదువు అయిపోదా?" అంది.

"అయిపోయింది చిన్నమ్మా. పరీక్ష ఒక్కటే ఉంది."

"దేని మీద?"

నాకు అదను దొరికింది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ విననిది ఈమె వింటుంది. నేనూ ఊరి మాటలోకి దిగాను. "కరెంటు తయారుజేసే మిషన్లుంటయి చిన్నమ్మా. పాత మిషన్లు కాలబెట్టినంక బూడిద లాంటిది మిగుల్తది. అండ్ల నుంచి మంచిది ఏరి కొత్త మిషన్‌ల విత్తనం లెక్క పెడ్తరు. ఆ మిషన్ మల్ల ఇంకింత విత్తనం ఇస్తది. అచ్చం మన పసుపు లెక్కనే. మొదటి విత్తనం ఫుకట్, పైస ఖర్సు లేదు, ఇంటిదే కద!"

చిన్నమ్మ చేయి ఆగింది. "ఎవలు ఏరుతరు?"

"ఏంది?"

"ఆ బూడిదల కెల్లి విత్తనం ఎవలు ఏరుతరు, అని అడుగుతున్న."

"పెద్ద పెద్ద కార్ఖానాలుంటయి. మందం గోడలు, లోపల మనిషి పోరాదు, బయటి నుంచి మిషన్ చేతులతోని ఏరుతరు."

"మరి ఆళ్ళకు కూలియ్యరా?"

"ఇయ్యక? మస్తు ఖర్సు దానికి."

"మరి ఫుకట్ ఎట్లాయె బిడ్డా?"

ఎండుతున్న పసుపును కాళ్ళతో తిరగేస్తున్న అన్న అటు నుంచే నవ్వాడు. "ఇంటి విత్తనానికి ఖర్సేంది చిన్నమ్మా? కొన్నదా గిట్ల?"

"ఖర్సు లేదా?" చిన్నమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "నా నడుముని అడుగు పటేలా."

అన్న మళ్ళీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఊరి పద్ధతి ఇదీ: పసుపు తవ్వి ఉడికించే ముఠాకు గుత్త మాట్లాడతారు. వానాకాలంలో నాటేవాళ్ళకు రోజుకూలి. ఈ రెంటికీ మధ్యలో విత్తనం ఏరే పని ఉంది. అది తవ్వే ముఠా గుత్తలో రాదు, నాటే కూలిలోనూ రాదు. ఏరిన మనిషి విరిగిన కొమ్ములు ఒడినిండా పట్టుకుపోతుంది, అంతే. మా నాయన కాలంలో అంతే, మా అన్న కాలంలోనూ అంతే. అందుకే ఇంటి విత్తనం ఫుకట్ అన్న మాట మా నోట్లో పుట్టినప్పటినుంచీ ఉంది. అది నాతోపాటే నాందేడ్‌కు వచ్చింది, నా థీసిస్‌లోకీ దూరింది.

మర్నాడు పొద్దున నాందేడ్ రైలెక్కి కూర్చుని థీసిస్ తెరిచాను. నాలుగో అధ్యాయం, పెద్ద పట్టిక. ఫాస్ట్ రియాక్టర్‌కు మొదటి ప్లుటోనియం ఖర్చు అన్న గడిలో సున్నా. కింద నా సొంత వాక్యం: ఈ ఇంధనం పాత రియాక్టర్ల నుంచి వస్తుంది కనుక ప్లుటోనియాన్ని వేరుచేసే శుద్ధి ఖర్చు పాత రియాక్టర్లదే. సరే, పాత రియాక్టర్ల పట్టిక తీశాను. అందులో వాడేసిన ఇంధనాన్ని అలాగే దాచిపెడతారు అని పెట్టుకున్నాను. శుద్ధి అన్న మాటే లేదు! అంటే అంత పెద్ద కార్ఖానా, ఆ గోడలు, ఆ ఆమ్లం, ఆ మనుషులు, మొత్తం ఖర్చు రెండు పట్టికల మధ్యలో పడిపోయింది. తవ్వే గుత్తకూ నాటే కూలికీ మధ్యలో చిన్నమ్మ పడిపోయినట్టు. రైలు ముద్ఖేడ్‌లో చాలాసేపు ఆగింది. నేను పెన్సిలు తీసుకుని సున్నా కొట్టేసి అంకె వేశాను. నాందేడ్ వచ్చేసరికి నా సిద్ధాంతం తలకిందులైంది.

ఛీ, ఎంత సిగ్గేసిందో! ఆర్థికశాస్త్రం చెప్పే మనిషిని. పిల్లలకు మొదటి వారంలోనే చెబుతాను, ఏదీ ఊరికే రాదని. పద్నాలుగేళ్ళు చెప్పాను. స్టేషన్ బయట ఆటోవాడు ఎక్కడికి మేడం అంటే వాడి మీద కూడా విసుక్కున్నాను.

గైడ్ సార్ దగ్గరికి పోయాను. పెద్ద మనిషి, ముద్ఖేడ్ వైపు రైతు ఇంటి నుంచి వచ్చినవాడు. పట్టికలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

"నాకూ తట్టలేదు మేడం," అన్నాడు. "మా ఇంట్లో జొన్న విత్తనానికి ఏనాడూ లెక్క లేదు. గాదెలోంచి తీయడం, చల్లడం."

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"ఏమీ చేయొద్దు. రిపోర్టులు మంచివి వచ్చాయి. పరీక్ష కానివ్వండి, డిగ్రీ రానివ్వండి, ఉద్యోగం తీసుకోండి. పుస్తకంగా అచ్చు వేసేటప్పుడు సరిచేయండి. ఎవరడుగుతారు?"

ఆయన నా మేలు కోరే అన్నాడు. ఆయన ముందు నేనెప్పుడూ గొంతు పెంచలేదు, ఆ రోజు పెంచాను. "ఒకామె అడిగింది సార్. నాకు జవాబు లేదు." ఆయన టీ తెప్పించాడు, ఇద్దరం తాగాం. లేచేటప్పుడు మాత్రం "పరీక్షకూ ఇంటర్వ్యూకూ మధ్య పదిరోజులే ఉంది, గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

గుర్తు లేకపోవడమేంటి? భయం వేసింది, ఎందుకు దాచాలి? కానీ తప్పని తెలిశాక ఆ అంకెను పైకి చదవడానికి నా నోరు రాదు. అది కూడా నాకు తెలుసు. పరీక్ష రోజు దాకా కూర్చుని లెక్క మొదటినుంచీ వేశాను.

పరీక్ష రోజున అన్న వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ధర్మాబాద్ నుంచి పేఢాల డబ్బా పట్టుకుని. నేను పిలిచిన మీదట చిన్నమ్మ కూడా వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతివేళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. "గక్కడ నేనేం జేస్త బిడ్డా" అంటూనే వచ్చి వెనక వరసలో కూర్చుంది.

పరీక్షకుడు, థీసిస్ చదివిన ఇద్దరిలో ఒకాయన, పుణే నుంచి వచ్చిన పెద్దాయన. నేను మొదటి స్లైడే నా తప్పు పెట్టాను. ఈ గడిలో సున్నా ఉంది, అది తప్పు, సరిచేస్తే నా ముగింపు నిలవదు అని చెప్పాను. గైడ్ సార్ తల దించుకున్నాడు. పెద్దాయన ముందుకు వంగాడు.

"అంటే, ఫాస్ట్ రియాక్టర్లు గిట్టుబాటు కావని ఇప్పుడు మీరంటున్నారా?"

"ఇవాళ్టి యురేనియం ధరకు కావు సార్. బయట కొనుక్కుని కాల్చుకోవడమే చవక. కట్టడం ఒక్కో ఏడాది ఆలస్యమైనకొద్దీ వడ్డీ మీద పడి ఇంకా ఖరీదవుతుంది. యురేనియం ధర బాగా పెరిగితేనే ఈ రెండూ సమానం అవుతాయి."

"అయితే చక్రం మూయడం ఎందుకు? మానేద్దామా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. "మానొద్దు సార్. మా ఇంట్లో విత్తనం కొనం. కొంటే కొన్నేళ్ళు చవకగానే వస్తుంది, కానీ అమ్మేవాడు ఇవ్వనన్న ఏడాది చేను బీడు పడుతుంది. యురేనియం మనకిచ్చే దేశాలు షరతులు పెట్టే ఇస్తాయి. ఆ భయం లేకుండా ఉండటానికీ, వేల ఏళ్ళు దాచాల్సిన వ్యర్థాన్ని తగ్గించుకోవడానికీ మనం కొంత ఎక్కువ పెడుతున్నాం. పెట్టొచ్చు. నేనైతే పెట్టమనే చెబుతాను. కానీ ఎక్కువ పెడుతున్నామని జనానికి చెప్పి పెట్టాలి. ఫుకట్ అని చెప్పి పెట్టకూడదు. ఇంకోటి, పసుపు తొమ్మిది నెలల్లో ఎన్నోరెట్లు అవుతుంది. రియాక్టర్ విత్తనం రెట్టింపు కావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. పోలిక అక్కడిదాకానే."

పెద్దాయన కాస్త నవ్వాడు. "మేమిద్దరం చదివాం, మీ గైడ్ చదివారు. ఈ సున్నా ఎవరి కంటా పడలేదు. మీకెవరు చెప్పారు?"

వెనక వరస వైపు చేయి చూపించాను. ఆయన లేచి నిలబడి మరాఠీలో అడిగాడు, మీకు ఎలా తెలిసింది అని. చిన్నమ్మ కూడా లేచింది, కొంగు సర్దుకుని మరాఠీలోనే చెప్పింది. కూలికి మూడు భాషల ఊళ్ళు తిరిగిన మనిషి, ఆమెకు తడబాటేముంది? ఆమె చెప్పింది రెండు ముక్కలు. "విత్తనం ఏరేది ఎవరని అడిగాను సాబ్. ఏరేది నేను కదా, అందుకని అడిగాను."

పెద్దాయన ఆమెకు నమస్కారం పెట్టాడు. తర్వాత ఆయనా గైడ్ సారూ పక్కగదిలోకి పోయి, అరగంటకు బయటికొచ్చి నిర్ణయం చదివారు. నాలుగో అధ్యాయం, ముగింపు తిరగరాయాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ మౌఖిక పరీక్ష. అప్పటిదాకా డిగ్రీ లేదు.

డిగ్రీ లేదంటే ఇంటర్వ్యూ లేదు. ఆ పోస్టు ఇంకొకరికి పోయింది. ఇక్కడే చెప్పేస్తాను: తిరగరాసింది నిలబడింది, డాక్టరేట్ వచ్చింది. ఇప్పటికీ గంటల లెక్కనే చెబుతున్నాను. పోస్టు గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ అధ్యాయం మాత్రం ఎవరైనా ఏ వైపునుంచైనా వచ్చి గుంజనీ, ఒక్క అంకె ఊడదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరినీ రైలెక్కించడానికి నాందేడ్ స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ. పేఢాల డబ్బా తాడు కూడా విప్పలేదు, అన్న ఒళ్ళో ఉంది.

"పాస్ కాలేదా బిడ్డా?" అంది చిన్నమ్మ.

"ఇయ్యాల కాలేదు."

"నా వల్లనేనా? నేను నోర్మూసుకుంటే పాసయితుంటివి."

నాకు ఏడుపొచ్చింది. హాల్లో రాలేదు, అక్కడొచ్చింది. "నువ్వు నోర్మూసుకుంటే నేను తప్పు చదువుకుని పాసయ్యేదాన్ని చిన్నమ్మా," అన్నాను. కోపంగానే అన్నాను, నాకు ఏడుపు వస్తే కోపంగానే వస్తుంది. ఆమె తన పచ్చటి చేత్తో నా చెంప తుడిచింది.

అన్న డబ్బా తాడు విప్పాడు. మొదటి పేఢా చిన్నమ్మకు ఇచ్చాడు. హాల్లో మొత్తం కూర్చుని విన్నాడు. ఇప్పుడు నేల చూస్తూ అన్నాడు: "చిన్నమ్మా, ఈ ఏడు విత్తనం ఏరినవు గద. దానికి కూలి ఎంతైతదో చెప్పు, ఇస్త."

చిన్నమ్మ పేఢా సగం కొరికింది. మిగతా సగం నా చేతిలో పెట్టింది.

"ఈ ఏడుదొక్కటేనా, పటేలా?" అంది.

అన్న నా వైపు చూశాడు. ఎకనామిక్స్ మేడంని కదా, ఏదో ఒకటి చెబుతాననుకున్నాడు. నా ఎమ్మే ఫీజు కట్టింది ఆ విత్తనంలోంచి వచ్చిన పసుపే. నిజామాబాద్ వైపు పోయే బండి వచ్చింది. చిన్నమ్మ ఎక్కింది, అన్న ఆమె సంచి పట్టుకుని ఆమె వెనకాల ఎక్కాడు.